ఆగమనే తెర, రమ్మనే తెర

పరీక్ష ఫలితాల కోసమో, పాత సినిమా పాట కోసమో ఒక సైటు తెరుస్తారు. అందులో 'డౌన్‌లోడ్' అని రాసున్న నాలుగు బటన్లలో ఏది అసలుదో తెలియక ఒకటి నొక్కుతారు. మరుక్షణం తెరంతా నీలం. కిటికీలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఒకదాంట్లో స్కానింగ్ జరుగుతున్నట్టు గీత పరిగెడుతుంటుంది, ఇంకోదాంట్లో 'ట్రోజన్ స్పైవేర్' అని ఎర్రక్షరాలు మెరుస్తుంటాయి. స్పీకర్లోంచి ఆడగొంతు ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా చెబుతుంటుంది: కంప్యూటర్ ఆపకండి, మీ బ్యాంకు వివరాలు బయటికి పోతున్నాయి, కింద ఉన్న నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. మౌస్ బాణం మాయమైపోతుంది. మూలన ఉండాల్సిన క్రాస్ గుర్తూ కనబడదు.

ఇంత హడావుడిలో గుట్టు విప్పేది ఆ ఫోన్ నంబరే. తాము పంపే ఎర్రర్ సందేశాల్లో గానీ, హెచ్చరికల్లో గానీ ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. విండోస్ గుర్తు ఎంత అచ్చుగుద్దినట్టున్నా సరే, దాని పక్కన నంబరు కనిపించిందంటే ఆ తెర దొంగది. మిగతా పరీక్షలేవీ అక్కర్లేదు.

ఇంతకీ అది ఏమిటి? వట్టి వెబ్ పేజీ. వంటల సైటు ఎలాంటిదో అదీ అలాంటిదే. వీడియోలు తెర నిండా చూసుకోవడానికి బ్రౌజర్లు ఇచ్చిన ఫుల్‌స్క్రీన్ సౌకర్యాన్ని వాడుకుని అడ్రస్ బార్‌ను కప్పేసింది. బాణాన్ని దాచడం పేజీ రాసేవాళ్లకు ఒక్క లైను పని. గొంతు ముందే రికార్డు చేసిన ఆడియో ఫైలు. పరిగెత్తే గీత బొమ్మ మాత్రమే. అదే పేజీని మ్యాక్‌లో తెరిస్తే, అసలు సీ డ్రైవ్ అనేదే లేని ఆ యంత్రంలోనూ సీ డ్రైవ్‌ను స్కాన్ చేస్తున్నానని నిస్సంకోచంగా చెబుతుంది. వెబ్ పేజీలను బ్రౌజర్ శాండ్‌బాక్స్ అనే గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఆ గదిలోంచి మీ డిస్కులోని ఫైళ్లను తిరగేయడం పేజీ తరం కాదు. అందుకే 'మీ కంప్యూటర్లో వైరస్‌లు కనిపెట్టాను' అని ఏ వెబ్ పేజీ చెప్పినా అది అబద్ధమే. చూసే వీల్లేనివాడు చూశానంటున్నాడు.

బయటపడే దారి కూడా చిన్నదే. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్‌స్క్రీన్ వీడిపోతుంది. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అక్కడ బ్రౌజర్‌ను ఎంచి ఎండ్ టాస్క్ అనాలి. మళ్లీ తెరిచినప్పుడు 'పాత పేజీలు తెరవమంటారా' అని బ్రౌజర్ మర్యాదగా అడుగుతుంది. వద్దనాలి. చాలామంది ఇక్కడే సరే అనేసి రెండోసారి హడలిపోతారు.

బెదిరించి అమ్మడమనే ఈ వ్యాపారం కొత్తది కాదు. 2000ల నడుమ విన్‌ఫిక్సర్, డ్రైవ్ క్లీనర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో నకిలీ మందులు అమ్మిన ఇన్నోవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ ఉక్రెయిన్ నుంచి పనిచేసేది. పేరున్న సైట్లలో మామూలు ప్రకటనల్లా చోటు కొని, వాటిలోంచి జనాన్ని ఉత్తుత్తి స్కానింగు పేజీకి లాగేది. లేని రోగం చూపించడం, దాదాపు 40 డాలర్లకు మందు అంటగట్టడం దాని పద్ధతి. 2008 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టేనాటికి 10 లక్షల మందికి పైగా మోసపోయారు. 2012లో అక్కడి కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

సరిగ్గా ఆ 2012లోనే అదే కమిషన్ కొత్త తరం మోసగాళ్ల మీద పడింది. ఈసారి మందు అమ్మేది సాఫ్ట్‌వేర్ కాదు, ఫోన్లో మాట్లాడే మనిషి. అక్టోబరులో ప్రకటించిన ఆ కేసుల్లోని ముఠాల్లో అధికభాగం భారత్‌లో ఉన్నవే. 2018 చివర్లో మైక్రోసాఫ్ట్ ఫిర్యాదు మీద ఢిల్లీ చుట్టుపక్కల పోలీసులు వరసగా కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో దేశంలో 76 చోట్ల సోదా చేసింది. ఆ కేసుల్లో టెక్ సపోర్టు మోసాలకు సంబంధించిన వాటికి ఫిర్యాదుదారులు మైక్రోసాఫ్ట్, అమెజాన్. ఆ ఒక్క ఏడాదిలో టెక్ సపోర్టు మోసాల కింద అమెరికా ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల్లో నష్టం 92 కోట్ల డాలర్లు దాటింది. పోగొట్టుకున్నవాళ్లలో వయసు పైబడినవాళ్లే ఎక్కువ. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ల్యాప్‌టాప్‌తో కాలక్షేపం చేసే మన తల్లిదండ్రులకూ ఈ తెర ఎదురవుతుంది. అవతలి గొంతు తమ దేశపు యాసలోనే పలికేసరికి కొందరికి అనుమానానికి బదులు ఆత్మీయత పుడుతుంది.

ఫోన్ చేశాక ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడటం మంచిది. ముందు ఎనీడెస్క్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించమంటారు. అది నిజాయితీగల సాధనమే, ఐటీ ఉద్యోగులు రోజూ వాడేదే. తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరుస్తారు. అందులో పసుపు త్రికోణాలు, ఎర్ర గుండ్రాలు వందల కొద్దీ కనిపిస్తాయి. 'చూశారా మేడమ్, ఇన్ని ఇన్‌ఫెక్షన్లు!' అంటారు. అవి ఏ రోగమూ లేని ప్రతి కంప్యూటర్లోనూ ఉంటాయి. ప్రింటరు జవాబివ్వలేదు, ఫలానా సర్వీసు మొదలవడానికి ఆలస్యమైంది... ఆ చిట్టా నిండా ఇలాంటి చిల్లర సంగతులే.

అంతకంటే చాకచక్యమైనది ఇంకోటుంది. నల్ల తెర తెరిచి 'అసోక్' అనే ఆదేశం టైపు చేస్తారు. పెద్ద జాబితా దొర్లుతుంది. చివర్లో 888డీసీఏ60తో మొదలయ్యే పొడవాటి అంకె కనిపిస్తుంది. ఫోన్లోని మనిషి అదే అంకెను తన దగ్గరున్న కాగితంలోంచి చదివి, 'ఇది మీ కంప్యూటర్ లైసెన్సు నంబరు, మా రికార్డుల్లో ఉంది కాబట్టే చెప్పగలిగాం' అంటాడు. అవతలివాళ్లకు నోట మాట రాదు. నిజానికి అది ఫైళ్లను జిప్ చేసే ఒక మెనూ అంశానికి విండోస్ పెట్టుకున్న గుర్తు. లోకంలోని విండోస్ యంత్రాలన్నిటిలోనూ అదే అంకె. ఈ నాటకంలో ఈవెంట్ వ్యూయర్ నకిలీ కాదు, అంకె నకిలీ కాదు, రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా నకిలీ కాదు. వాటికి చెప్పే అర్థం ఒక్కటే నకిలీ. రూపం చూసి అసలు, నకిలీ తేల్చుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే ఓడిపోతారు.

మరి రూపం కాకపోతే ఏం చూడాలి? మొదటిది, హెచ్చరిక ఎక్కడ నిలబడి మాట్లాడుతోందనేది. గూగుల్ క్రోమ్ జట్టులో పనిచేసిన ఎరిక్ లారెన్స్ 2017లో దీన్ని ఒక గీతతో వివరించారు. అడ్రస్ బార్, ట్యాబులు ఉండే పై పట్టీ బ్రౌజర్ సొంత ఇలాకా. దాని కింద ఉన్నదంతా ఆ పేజీ రాసినవాడి చేతిలోది. అక్కడ బ్యాంకు గుర్తు, ఆకుపచ్చ టిక్కు, పోలీసు ముద్ర ఏదైనా గీసుకోవచ్చు. ఆ గీతకు ఆయన పెట్టిన పేరు 'లైన్ ఆఫ్ డెత్'. ఫుల్‌స్క్రీన్ ఆ గీతనే చెరిపేస్తుంది కాబట్టే దొంగలకు అదంటే అంత ఇష్టం. 2022లో ఇంకో ఎత్తు వెలుగులోకి వచ్చింది: పేజీ లోపలే అడ్రస్ బార్‌తో సహా ఒక చిన్న బ్రౌజర్ కిటికీ బొమ్మ గీసి, అందులో గూగుల్ లాగిన్ చూపించడం. దీనికి విరుగుడు చేత్తో చేసేదే. ఆ చిన్న కిటికీని పట్టుకుని పెద్ద కిటికీ అంచు దాటించి బయటికి లాగి చూడండి. అసలుదైతే బయటికొస్తుంది. బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది.

అడ్రస్ పక్కన తాళం గుర్తుంటే నమ్మవచ్చని ఒకప్పుడు ఊరూరా చెప్పారు. ఆ సలహా ఎప్పుడో పాతబడింది. దారిలో ఎవరూ వినడం లేదని తాళం చెబుతుందే తప్ప, అవతల కూర్చున్నది మంచివాడని చెప్పదు. అసలు సైట్లను అనుకరించి వివరాలు కాజేసే ఫిషింగ్ సైట్లూ తాళాలు తగిలించుకున్నాయి. 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

రెండోది, అసలు కీలకమైనది: హెచ్చరిక మిమ్మల్ని ఏం చేయమంటోంది? ప్రమాదకరమైన సైటుకు వెళ్లబోతే క్రోమ్ ఎర్ర పేజీ అడ్డం పెడుతుంది. సైటు చిరునామాను గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ జాబితాతో సరిపోల్చి ఆపుతుంది అంతే. వెనక్కి వెళ్లమనే బటన్ పెద్దగా, ముందుకు పోయే దారి ఎక్కడో చిన్నగా ఉంటుంది. విస్టా కాలం నుంచి విండోస్, ఏదైనా ప్రోగ్రాం యంత్రం పగ్గాలు అడిగితే తెరంతా మసకబార్చి నడిమధ్య ప్రశ్న వేస్తుంది. తయారీదారు ఎవరో తేలితే నీలం పట్టీ, తేలకపోతే పసుపు. ఈ రెండూ డబ్బు అడగవు, నంబరు ఇవ్వవు, ఏదీ దింపుకోమనవు. 'వద్దు' అంటే గొడవ అక్కడితో సరి. దొంగ హెచ్చరిక తీరు దీనికి పూర్తిగా తలకిందులు: ఏమీ చేయకుండా ఊరుకోవడం అన్న దారి అది ఇవ్వదు. ఫోన్ చేయి, దింపుకో, నొక్కు, కట్టు, అదీ అయిదు నిమిషాల్లో. నిజమైనది ఆగమంటుంది, దొంగది రమ్మంటుంది.

2024 నుంచి విరివిగా కనిపిస్తున్న 'క్లిక్‌ఫిక్స్' మోసాన్ని ఈ కొలతతో కొలిస్తే ఇట్టే దొరికిపోతుంది. 'మీరు మనిషేనని నిరూపించండి' అనో, 'పేజీ సరిగా రాలేదు, ఇలా సరిచేయండి' అనో ఒక పెట్టె వస్తుంది. విండోస్ మీటతో ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్‌తో వి, ఆపైన ఎంటర్ అంటుంది. మూడే మెట్లు. మొదటి దాంతో ఆదేశాలిచ్చే పెట్టె తెరుచుకుంటుంది, రెండో దాంతో పేజీ గుట్టుగా క్లిప్‌బోర్డులో పెట్టిన ఆదేశం అందులో పడుతుంది, మూడో దాంతో అది అమలవుతుంది. శాండ్‌బాక్స్ గది తాళం పేజీ తీయలేదు కాబట్టి ఇంటి యజమాని చేతే తీయిస్తోందన్నమాట. ఏ నిజమైన క్యాప్చా కూడా విండోస్ మీట నొక్కమనదు.

ఇక నోటిఫికేషన్లు. 'వీడియో చూడాలంటే అలౌ నొక్కండి' అన్నప్పుడు నొక్కితే, ఆ సైటు మూసేశాక కూడా తెర మూలన యాంటీవైరస్ గుర్తుతో 'గడువు ముగిసింది, 5 వైరస్‌లు' అని రోజంతా పలకరిస్తూనే ఉంటుంది. కింద సన్నని అక్షరాల్లో ఏ సైటు పంపిందో రాసే ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైటును తీసేస్తే పీడ విరగడవుతుంది. అయితే నేరమంతా దొంగల మీదే నెట్టేయడం న్యాయం కాదు. కొత్త కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చే కొన్ని అసలైన యాంటీవైరస్‌లు కూడా గడువు తీరగానే 'మీరు ప్రమాదంలో ఉన్నారు' అని ఎర్రరంగులో అచ్చం ఇదే భాష మాట్లాడతాయి. భయాన్ని అమ్మకపు సరుకు చేసింది వ్యాపారులే. దొంగలు దాన్ని అరువు తెచ్చుకున్నారు.

ఇంతవరకు చెప్పింది సగం కథే. దొంగకు పనులు రెండు. తన హెచ్చరికను నమ్మించాలి, అసలు హెచ్చరిక వచ్చినప్పుడు దాన్ని పట్టించుకోకుండా చేయాలి. మన ఊళ్లలో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు, ఈ రెండో పని మీదే బతుకుతున్నాయి. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి పిలుపు అనో పేరు పెట్టి పంపుతారు. దాన్ని నొక్కగానే ఆండ్రాయిడ్ అడ్డుపడుతుంది: ఇది తెలియని చోటు నుంచి వచ్చింది, ఎక్కించడం మంచిది కాదు. ఫోన్లోని ప్లే ప్రొటెక్ట్ కాపలా మరోసారి ఆపుతుంది. అవతలివాడు లైన్లోనే ఉంటే తాపీగా చెబుతాడు: 'అది అందరికీ వచ్చేదే సార్, ఇన్‌స్టాల్ ఎనీవే కొట్టేయండి.' కొట్టేస్తారు. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అదీ ఇచ్చేస్తారు. ఇక ఓటీపీలు నేరుగా దొంగకే.

జనం తెలివితక్కువవాళ్లు కాబట్టి ఇలా నొక్కేస్తారనడం తేలిక. పరిశోధనలు అలా చెప్పడం లేదు. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కనబడిన 2.5 కోట్లకు పైగా హెచ్చరికల్ని లెక్కగట్టారు. సైటు గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ సరిగా లేదన్న హెచ్చరిక వచ్చినప్పుడు క్రోమ్ వాడేవాళ్లు 70.2 శాతం సార్లు దాన్ని తోసుకుని ముందుకెళ్లారు. ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతమే. అదే హానికర సాఫ్ట్‌వేర్ హెచ్చరికకైతే క్రోమ్‌లో 23.2 శాతం, ఫైర్‌ఫాక్స్‌లో 7.2 శాతం. జనం ఏ హెచ్చరికనూ చూడరన్న పాత నమ్మకం ఇక్కడ బీటలువారింది. తెరను ఎలా తీర్చారన్నదాన్ని బట్టి వాళ్ల నడత మారుతోంది. తర్వాత గూగుల్ జట్టు క్రోమ్ హెచ్చరికను తిరగరాసింది. 2015లో ఫలితం ప్రకటిస్తూ, జనానికి అర్థమయ్యేలా రాయడంలో విఫలమయ్యామని వాళ్లే ఒప్పుకున్నారు. అర్థం కాకపోయినా, వెనక్కి తగ్గే బటన్‌ను పెద్దదిగా చేసి, ముందుకెళ్లేదాన్ని 'అడ్వాన్స్‌డ్' చాటున పెట్టేసరికి వెనక్కి తగ్గినవాళ్లు మాత్రం గణనీయంగా పెరిగారు.

అదే ఏడాది అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు హెచ్చరికలు చూస్తున్నవాళ్ల మెదడును ఎఫ్ఎంఆర్ఐతో గమనించారు. ఒకే హెచ్చరికను రెండోసారి చూపించేసరికే చూపుకు సంబంధించిన స్పందన పడిపోయింది. రూపం మారుస్తూ చూపిస్తే అంతగా పడలేదు. కన్ను ఆ తెరను చూస్తూనే ఉంటుంది, మెదడు మాత్రం 'ఇది తెలిసిందేలే' అని వదిలేస్తుంది.

ఈ అలవాటుకు ఎరువు వేసేవి ఉత్త హెచ్చరికలు. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు చాలా సైట్లు తెరిచినప్పుడు 'మీ కనెక్షన్ ప్రైవేటు కాదు' లాంటి హెచ్చరిక వస్తుంది. సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, యంత్రం లెక్కలో అది ఇంకా పుట్టనే లేదు. హెచ్చరిక అసలుదే, దొంగ మాత్రం లేడు. జిరాక్స్ షాపులో కుర్రాడు రోజూ పదిసార్లు దాన్ని దాటేసి దాటేసి, నిజంగా దొంగ ఉన్న రోజు కూడా అలవాటు చొప్పున దాటేస్తాడు. కొత్త బ్యాటరీ వేయించి, తేదీ సరిచేస్తే సరిపోయేది.

నకిలీని నమ్మడం, అసలును తోసేయడం కాక మూడో చిక్కు ఉంది. అసలుదే నకిలీలా కనిపించడం. 2023 అక్టోబరు చివర్లో దేశంలో పలువురు ప్రతిపక్ష నాయకులకు, పాత్రికేయులకు యాపిల్ నుంచి సందేశం వచ్చింది: ప్రభుత్వాల అండ ఉన్న దాడిదారులు మీ ఐఫోన్‌ను లక్ష్యంగా చేసుకుని ఉండవచ్చు. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ కూడా తనకు అది వచ్చిందని బయటపెట్టారు. మామూలు మనిషికి అలాంటి మెయిల్ వస్తే ఫిషింగ్ అని చెత్తబుట్టలో వేయడమే సహజం. సందేశం పంపింది తామేనని యాపిల్ ధ్రువీకరించింది, ఏ ప్రభుత్వమో మాత్రం చెప్పలేదు, కొన్ని పొరపాటు హెచ్చరికలై ఉండవచ్చని కూడా అంది. ఈ హెచ్చరికల కోసం ఆ సంస్థ పెట్టుకున్న పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. లింకు నొక్కమని, యాప్ ఎక్కించమని, పాస్‌వర్డ్ చెప్పమని అవి ఎన్నడూ అడగవు. నిజమో కాదో తేల్చుకోవాలంటే మీరే యాపిల్ ఖాతా సైటు చిరునామా టైపు చేసి లాగినైతే పేజీ పైభాగంలో అదే హెచ్చరిక కనబడుతుంది. కబురు తెచ్చినవాడి దారిన కాకుండా మీకు ముందే తెలిసిన దారిన వెళ్లి అడగడం అన్నమాట. బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజికైనా ఇదే దారి: అందులోని లింకు వదిలేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు చేయడం.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య కాస్త వెసులుబాటు వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 కల్లా తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు జారీ చేసే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాళ్లకు అది దొరకదు. 2025 మే నుంచి సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌ల పేరు చివర ఒక అక్షరం చేరుస్తున్నారు: ప్రకటనైతే పి, సేవల సమాచారమైతే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వానిదైతే జి. 'మీ ఖాతా ఈ రాత్రికి బ్లాకవుతుంది' అన్న మెసేజి పదంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి వస్తే ఇక చదవనక్కర్లేదు.

అసలు హెచ్చరిక ముఖం ముందే చూసి పెట్టుకోవడం అన్నిటికంటే పనికొచ్చే సాధన. 'ఐకార్' పరీక్ష ఫైలు అని ఒకటుంది. 68 అక్షరాల ఒక వరస, ఎవరికీ ఏ హానీ చేయదు. కానీ దాన్ని వైరస్‌గా భావించి కేక వేయాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పందానికొచ్చాయి. ఐకార్ సంస్థ సొంత సైటు నుంచి దాన్ని దింపుకుంటే మీ కంప్యూటర్లోని అసలు కాపలాదారు ఎలా మాట్లాడతాడో, ఏ మూల నుంచి మాట్లాడతాడో కళ్లారా కనబడుతుంది. సర్టిఫికెట్ హెచ్చరికల కోసం 'బ్యాడ్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్' అనే సైటు ఉంది. గడువు తీరినవి, పేరు కుదరనివి, రకరకాల చెడ్డ సర్టిఫికెట్లు అక్కడ కావాలనే పెట్టారు. అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం పూట ఇవి రెండూ చూపించండి.

ఇప్పటికే దొంగ తెర మీది నంబరుకు ఫోన్ చేసి, యంత్రం అప్పగించేసినవాళ్లు సిగ్గుపడుతూ కూర్చోవద్దు. ముందు ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఒకటే సైబర్ నేరాల నంబరు. పోయిన డబ్బు దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారకముందే ఫిర్యాదు చేరితే దాన్ని అక్కడే ఆపించే అవకాశం ఉంది.